లోహపు వాలుతలంపై జారే అయస్కాంతం: సుడి ప్రవాహాల వివరణ

వ్యాససంగ్రహం:
రాగి, అల్యూమినియం లోహాలను అయస్కాంతం చెప్పుకోదగినంతగా ఆకర్షించదు. అయినా ఆ లోహాల వాలుతలంపై బలమైన అయస్కాంతం మెల్లగా, దాదాపు స్థిరవేగంతో జారుతుంది. ఈ మందగమనానికి కారణమైన సుడి ప్రవాహాల స్వభావాన్ని, ఘర్షణతో వాటికి గల భేదాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: వాలుతలం, విద్యుదయస్కాంత ప్రేరణ, సుడి ప్రవాహాలు, ఘర్షణ, చరమ వేగం.

1. ప్రవేశిక:
నియోడైమియం అయస్కాంతాన్ని రాగి పలకకు ఆనిస్తే అంటుకోదు. ఆ పలకనే ఏటవాలుగా నిలిపి జారవిడిస్తే, మామూలు బిళ్ళ జర్రున దిగిపోయే చోట అయస్కాంతం నిదానంగా దిగుతుంది. దీనిని చూసినవారు పలక ఆకర్షిస్తోందని గాని, ఘర్షణ ఎక్కువైందని గాని భావించడం సహజం. ఈ రెండు ఊహలూ సరైనవి కావు.

2. చారిత్రక నేపథ్యం:
తిరిగే రాగి పళ్ళెం తనపై వేలాడే అయస్కాంత సూచిని తన వెంట తిప్పుతుందని ఫ్రెంచి శాస్త్రవేత్త అరాగో 1824లో గమనించాడు. 1831లో ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొనడంతో దీనికి కారణం తెలిసింది. ప్రేరిత ప్రవాహపు దిశను 1834లో లెంజ్ సూత్రీకరించాడు. అయస్కాంత ధ్రువాల మధ్య తిరిగే రాగి పళ్ళెం వేడెక్కుతుందని 1855లో ఫూకో నిరూపించాడు. అందుకే వీటికి ఫూకో ప్రవాహాలు అనే పేరు కూడా ఉంది.

3. సుడుల పుట్టుక:
అయస్కాంతం కదిలేటప్పుడు దాని ముందున్న లోహభాగంలో అయస్కాంత అభివాహం పెరుగుతుంది, వెనుక భాగంలో తగ్గుతుంది. ఈ మార్పు వల్ల పలకలో విద్యుత్తు నీటిసుడుల వలె వలయాలుగా ప్రవహిస్తుంది. లెంజ్ నియమం ప్రకారం ముందరి సుడి అయస్కాంతాన్ని వెనక్కు నెడుతుంది, వెనుకటి సుడి తనవైపు లాగుతుంది. రెండూ గమనాన్ని వ్యతిరేకించేవే. దిగుతున్న అయస్కాంతం కోల్పోయే స్థితిజశక్తిలో కొంత ఈ సుడుల ద్వారా పలకలో ఉష్ణంగా మారుతుంది.

4. ఘర్షణతో భేదం:
జారుడు ఘర్షణ వేగంపై దాదాపుగా ఆధారపడదు. సుడి నిరోధం మాత్రం తక్కువ వేగాల వద్ద వేగానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అందువల్ల వేగం పెరిగేకొద్దీ నిరోధమూ పెరిగి, వాలు వెంబడి పనిచేసే బరువు అంశాన్ని ఘర్షణతో కలిసి సరితూచినప్పుడు త్వరణం శూన్యమవుతుంది. అప్పటి వేగమే చరమ వేగం. నిశ్చలస్థితిలో సుడి నిరోధం ఉండదు కనుక, అది అయస్కాంతాన్ని ఆలస్యం చేయగలదే గాని వాలుపై నిలిపి ఉంచలేదు.

ఈ రెండు బలాలను ప్రయోగం ద్వారా వేరుచేయవచ్చు. వివిధ కోణాల వద్ద చరమ వేగాన్ని కొలిచి, దానిని కోణపు కొసైన్‌తో భాగించి, కోణపు టాంజెంట్‌కు ఎదురుగా రేఖాపటం గీస్తే సరళరేఖ వస్తుంది. అది టాంజెంట్ అక్షాన్ని ఖండించే విలువ ఘర్షణ గుణకం. రేఖ వాలు సుడి నిరోధపు పరిమాణాన్ని తెలుపుతుంది.

5. లోహం, ఆకృతి:
గది ఉష్ణోగ్రత వద్ద రాగి, అల్యూమినియంల విశిష్ట నిరోధాలు సుమారు 1.7 : 2.7 నిష్పత్తిలో ఉంటాయి. కాబట్టి ఒకే మందం, ఒకే ఘర్షణ గల పలకలపై అల్యూమినియం మీది చరమ వేగం రాగి మీది దానికి సుమారు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. పలుచని పలక మందాన్ని పెంచితే వేగం తగ్గుతుంది. పలకను దువ్వెన పళ్ళలా చీల్చితే సుడులు తెగి నిరోధం బాగా క్షీణిస్తుంది. ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిస్తే లోహపు విద్యుత్ నిరోధం తగ్గి, గమనం మరింత మందగిస్తుంది.

6. అనువర్తనం:
పాత తరహా కరెంటు మీటరులో తిరిగే అల్యూమినియం పళ్ళేనికి శాశ్వత అయస్కాంతమే బ్రేకు. నిరోధం వేగానికి అనుపాతంలో ఉండటం వల్లనే పళ్ళెం తిరిగే వేగం వాడకానికి అనుపాతంలో ఉంటుంది. ఘర్షణ ఒక్కటే బ్రేకుగా ఉంటే ఆ లెక్క కుదరదు.

7. ఉపసంహారం:
‘అయస్కాంతానికి అంటని లోహం’ అన్న మాటను ‘అయస్కాంత ప్రభావం లేని లోహం’గా గ్రహించడమే ఈ విషయంలోని అపోహకు మూలం. ఆకర్షణ పదార్థపు అయస్కాంత ధర్మానికి, సుడి నిరోధం దాని విద్యుద్వాహకతకు సంబంధించినవి. బోధనలోనూ పాఠ్యరచనలోనూ ఈ రెండింటినీ వేర్వేరు మాటలతో చెప్పడం అవసరం.