గ్లాసు అడుగున మడ్డి

మూత్రాన్ని గాజుగ్లాసులో పట్టి 24 గంటలు కదపకుండా ఉంచండి. అడుగున మడ్డి చేరితే మీ మూత్రపిండాలకు జబ్బు చేసినట్టే. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ల అమెరికా వార్తాపత్రికల్లో ఈ సలహా తరచుగా అచ్చయ్యేది. దాని పక్కనే మందు పేరు కూడా ఉండేది: న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్‌టన్ పట్టణంలో తయారయ్యే డాక్టర్ కిల్మర్స్ స్వాంప్ రూట్. పరీక్షకు ఖర్చు లేదు, వైద్యుడితో పని లేదు. ఫలితం మాత్రం చాలామందికి ఒకేలా వచ్చేది. ఒంట్లోంచి వెచ్చగా వచ్చిన మూత్రం చల్లారేసరికి అందులో కరిగి ఉన్న యూరేట్లు విడివడి కిందికి దిగుతాయి. గ్లాసు అలాగే ఉంటే సూక్ష్మజీవులు యూరియాను అమోనియాగా మారుస్తాయి. దాంతో మూత్రం క్షారగుణానికి తిరిగి ఫాస్ఫేట్లు పేరుకుంటాయి. ముందురోజు నీళ్లు తక్కువ తాగిన నిండు ఆరోగ్యవంతుడి గ్లాసులోనూ మడ్డి కనిపిస్తుంది.

ఇంతే చవకైన పరీక్ష ఇంకొకటి అప్పటికే ఉంది. లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్ 1827లో ప్రచురించిన పరిశీలనల్లో, ఒళ్లంతా నీరు పట్టి మరణించిన కొందరి మూత్రపిండాలు చెడిపోయి ఉన్నాయని చూపించాడు. బతికి ఉండగా వాళ్ల మూత్రాన్ని చెంచాలో పోసి కొవ్వొత్తి మీద వేడిచేస్తే కోడిగుడ్డు తెల్లసొనలా గడ్డకట్టేది. రక్తంలో ఉండాల్సిన ఆల్బుమిన్ అనే మాంసకృత్తు దెబ్బతిన్న వడపోత గుండా జారిపోతున్నదని దాని అర్థం. చెంచా, గ్లాసు రెండూ వంటింటి సామానే. అయితే ఆరోగ్యంగా ఉన్నవాడికి చెంచా 'నీకేమీ లేదు' అని చెప్పగలదు. గ్లాసుకు ఆ మాట చెప్పడం రాదు. మూత్రపిండాల మందుల వ్యాపారమంతా ఈ తేడా మీదే నడిచిందని నా అభిప్రాయం. వాళ్లు సీసాలో పోసి అమ్మినది మందు కాదు, రుజువు.

బ్రైట్ పేరుతోనే పిలిచిన ఆ జబ్బంటే జనం హడలిపోయేవారు. అమెరికా అధ్యక్షుడిగా పనిచేసిన చెస్టర్ ఆర్థర్ ఆ రోగంతో బాధపడుతూ 1886లో పోయాడు. వైద్యుల చేతిలో ఉన్నదల్లా విశ్రాంతి, పాల ఆహారం, ఉప్పు తగ్గించడం, కొందరికి గుండె మందు డిజిటాలిస్. నయం చేస్తామని నిజాయితీపరుడైన వైద్యుడెవడూ అనలేడు. ఆ మాట అనడానికి మందుల కంపెనీలు వెనుకాడలేదు.

వీటిని పేటెంటు మందులంటాం కానీ వీటిలో చాలావాటికి పేటెంటే లేదు. పేటెంటు కావాలంటే తయారీ గుట్టు బయటపెట్టాలి. వీళ్లు నమోదు చేయించుకున్నది పేరు, బొమ్మ మాత్రమే. రోచెస్టర్ నగరంలో ఇనప్పెట్టెలు అమ్మే హెచ్.హెచ్. వార్నర్, బ్రైట్ జబ్బు నుంచి తానే బయటపడ్డానని చెప్పుకుని 1879లో 'సేఫ్ కిడ్నీ అండ్ లివర్ క్యూర్' మొదలుపెట్టాడు. సీసా మీద ఇనప్పెట్టె బొమ్మ అచ్చు పోయించాడు. ఆ లాభాలతో లూయిస్ స్విఫ్ట్ అనే ఖగోళవేత్తకు వేధశాల కట్టించాడు, కొత్త తోకచుక్కను కనిపెట్టినవారికి 200 డాలర్ల బహుమతి పెట్టాడు. ఆ బహుమతులతోనే ఎడ్వర్డ్ బర్నార్డ్ అనే పేద యువకుడు ఇల్లు కట్టుకుని, తరవాత గొప్ప ఖగోళ శాస్త్రజ్ఞుడయ్యాడు. మందు సీసా డబ్బు మంచి పనికి పోవడం మనకూ తెలుసు: కాశీనాథుని నాగేశ్వరరావు అమృతాంజనంతోనే ఆంధ్రపత్రికకు దన్ను దొరికింది. అయితే అది నొప్పికి పూసుకునే మందు. ప్రాణాంతక రోగాన్ని నయం చేస్తానని అది చెప్పలేదు.

స్వాంప్ రూట్‌లో మూలికల సారంతో పాటు సుమారు 10 శాతం ఆల్కహాలు ఉండేది. ఆల్కహాలు, జూనిపర్ నూనె వంటివి మూత్రాన్ని ఎక్కువ చేస్తాయి. తాగినవాడు మరో రెండుసార్లు బయటికి వెళ్లొచ్చి మందు పనిచేస్తోందని సంతోషిస్తాడు. బఫెలో నగరం నుంచి ప్రపంచమంతా చుట్టిన డోన్స్ మాత్రలు ఇంకో దారి పట్టాయి. నడుం పట్టుకుని వంగిన మనిషి బొమ్మ వేసి, నడుంనొప్పికి మూలం మూత్రపిండాలేనని చెప్పాయి. నడుంనొప్పి రానివారు ఎవరు? అది ఎక్కువగా కండరాలదీ, వెన్నుదీ. చాలావరకు కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. తగ్గినప్పుడు చేతిలో ఉన్న డబ్బీకి పేరొస్తుంది. బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ 1909లో ఇలాంటి రహస్య ఔషధాలను విశ్లేషించి పుస్తకం వేసింది. డోన్స్ మాత్రల్లో తేలినవి జూనిపర్ నూనె, హెమ్లాక్ చెట్టు గుగ్గిలం, సురేకారం, గోధుమపిండి, మొక్కజొన్న పిండి, మెంతిపొడి. మన పోపులపెట్టెలోని మెంతులు సముద్రాలు దాటి కిడ్నీ మందయ్యాయి!

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేవి డి విట్స్ మాత్రలు. వాటిలో మిథిలీన్ బ్లూ అనే రంగు ఉండేది. మింగిన కొన్ని గంటలకు మూత్రం నీలంగానో ఆకుపచ్చగానో వచ్చేది. రంగు మారిందంటే మందు సరిగ్గా చేరాల్సిన చోటికి చేరినట్టే అని ప్రకటన. ఇంతకన్నా కంటికి కనిపించే సాక్ష్యం ఏముంటుంది? అదే రంగును ఫ్రెంచి వైద్యులు అషార్, కస్తేన్ 1897లో నిజమైన పరీక్షకు వాడారు. చర్మం కింద ఎక్కించి, నీలం ఎంతసేపటికి, ఎంత మేర మూత్రంలో దిగుతుందో చూసేవారు. ఆలస్యమైతే మూత్రపిండాలు నీరసించినట్టు. అంటే నీలం చప్పున, దండిగా కనిపించినవాడికి మూత్రపిండాలు బాగా పనిచేస్తున్నాయన్నమాట. ఆ రంగు చూసి మురిసిపోయి రెండో డబ్బీ కొన్నది కూడా అతనే.

ఈ మందులు తిన్నవాళ్లంతా విషం తిన్నారనడం సరికాదు. ఒక్కో మాత్రలో ఉన్నది కొద్దే. నష్టం మరో వైపు నుంచి వచ్చింది. దీర్ఘకాల మూత్రపిండ వ్యాధి చాలాకాలం నొప్పి లేకుండా, చప్పుడు లేకుండా ముదురుతుంది. వడపోత శక్తి చాలావరకు పోయేదాకా మనిషి మామూలుగానే తిరుగుతాడు. ప్రకటనలు నొప్పి ఉన్నవాడికి లేని జబ్బును అంటగట్టాయి. నొప్పి లేని అసలు రోగి వాటిని చదివి, నాకు నడుంనొప్పి లేదు కదా అని నిశ్చింతగా ఉండిపోయి ఉంటాడు.

1906 నాటి అమెరికా చట్టం చీటీ మీద ఆల్కహాలు పాళ్లు రాయమంది. వార్నర్ సీసా మీద 'క్యూర్' పోయి 'రెమెడీ' వచ్చింది. నయమవుతుందని బొంకడం ఆ చట్టం కిందికి రాదని 1911లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా, మరుసటి ఏడు సవరణ వచ్చింది. అదీ మోసం చేసే ఉద్దేశం ఉందని నిరూపిస్తేనే. 1937లో సల్ఫనిలమైడ్ మందును డైఇథిలీన్ గ్లైకాల్‌లో కలిపి అమ్మితే వందమందికి పైగా మరణించారు, అదీ మూత్రపిండాలు పాడై. మందు అమ్మడానికి ముందే అది ప్రమాదకరం కాదని చూపించాలన్న నియమం 1938లో గానీ రాలేదు.

మన దేశంలో 1954లో మందుల, మాయ చికిత్సల ప్రకటనల మీద చట్టం వచ్చింది. ఆ ఏడాది డిసెంబరులోనే బోస్టన్‌లో కవల సోదరుల మధ్య మూత్రపిండ మార్పిడి విజయవంతమైంది. హమ్‌దర్ద్ దవాఖానా కేసులో 1959లో సుప్రీంకోర్టు మన చట్టంలో కొంత భాగాన్ని కొట్టివేశాక, 1963 సవరణతో 54 జబ్బుల పట్టిక చట్టంలోనే చేరింది. వాటిని నయం చేస్తామని ప్రకటించడం నేరం. నేటి మూత్రపిండ వైద్యులు బ్రైట్ జబ్బు అని రాయరు. మూత్రపిండం నుంచి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూసి, ఆ జబ్బును అనేక వ్యాధులుగా విడదీసి పేర్లు పెడతారు. ఆ పట్టికలో మాత్రం అపెండిసైటిస్, ధమనులు గట్టిపడటం, అంధత్వం, రక్తం విషపూరితం కావడం, వీటి తరవాత ఐదో వరుసలో బ్రైట్ పేరు ఇంకా ఉంది.