గబ్బిలాల ఫ్లూ మనకు సోకుతుందా?

వార్డులో ఫ్లూ రోగుల బంధువులు, "సిస్టర్, ఇది గబ్బిలాల వల్ల వచ్చిందా?" అని మమ్మల్ని అడుగుతుంటారు. కాదు.

గబ్బిలాలకు వేరే ఫ్లూ వైరస్‌లున్నాయి. గ్వాటెమాలా గబ్బిలాలలో ఒకటి, పెరూ గబ్బిలాలలో మరొకటి దొరికాయని 2012, 2013లలో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఇవి కణంలోకి వెళ్ళడానికి రోగనిరోధక వ్యవస్థకు చెందిన ఒక ప్రోటీన్‌ను వాడుకుంటాయని 2019లో తెలిసింది. ఆ ప్రోటీన్ పందులలో, కోళ్ళలో, మనలో కూడా ఉంది. అందుకే జాగ్రత్త అవసరం. అయితే ప్రయోగశాలలో ఫెర్రెట్ అనే జంతువులకు ఎక్కించినా పక్కవాటికి సోకలేదు. మనుషులకు సోకిన దాఖలా లేదు.

గబ్బిలాలను చంపకండి, పురుగులను తిని పంటకు మేలు చేస్తాయి. చచ్చినదాన్ని ఒట్టి చేతులతో ముట్టకండి. గబ్బిలం కొరికిన జామపండు పిల్లలకు పెట్టకండి. 2018లో కేరళలో ప్రాణాలు తీసిన నిపా కూడా గబ్బిలాల వైరసే. గబ్బిలం కరిస్తే సబ్బుతో బాగా కడిగి, వెంటనే ఆసుపత్రికి రండి.