గుఱ్ఱము - దాణా

“గుఱ్ఱము గుడ్డిదైనను దాణాకు తక్కువలేదు” అని తెలుగువారి సామెత. పని చేయకున్నను తిండి తగ్గనివారిని గూర్చి ఈ మాట వాడుదురు. గుఱ్ఱములను పెంచువారికి మాత్రము ఇది ఎగతాళి కాదు, హెచ్చరిక. పనికి మించిన దాణా గుఱ్ఱమునకు ప్రాణాపాయము కలిగింపగలదు.

ఇందులకు కారణము దాని ఉదరనిర్మాణమునందే కలదు. గుఱ్ఱము పెద్ద జంతువే గాని దాని జీర్ణాశయము చిన్నది. అందు 8 నుండి 15 లీటర్లు మాత్రమే పట్టును. అది ఆవువలె నెమరువేయదు. తిన్నదానిని వాంతి చేసికొనజాలదు. గడ్డిలోని పీచును పెద్దప్రేగులలోని సూక్ష్మజీవులు పులియజేసి శక్తినిచ్చు పదార్థములుగా మార్చును. కావుననే బయలున తిరుగు గుఱ్ఱము కొంచెము కొంచెముగా దినమునకు 16 గంటలవరకు మేయుచుండును.

500 కిలోల గుఱ్ఱమునకు దినమునకు సుమారు 10 కిలోల ఎండుమేత కావలెను. అందు అధికభాగము గడ్డియే యుండవలెను. ఉలవలు, సెనగలు, ఓట్లు మొదలగు దాణా కష్టించి పనిచేయు గుఱ్ఱమునకు అదనపు బలము. దానిని ఒక్కమారుగా అధికముగా పెట్టినచో, అరుగని పిండిపదార్థము పెద్దప్రేగులకు చేరి వేగముగా పులియును. అందువలన తీవ్రమైన కడుపునొప్పి కలుగును. గిట్టలలో వాపు పుట్టి గుఱ్ఱము కుంటువడును. ఒక్కొక్కప్పుడు మరణించుటయు కలదు.

పూర్వము ఐరోపాలో బండ్లు లాగు గుఱ్ఱములకు ఆదివారము విశ్రాంతి. ఆనాడును యజమానులు దయతో నిండుదాణా పెట్టెడివారు. సోమవారము బండి కట్టిన కొలదిసేపటికే కొన్ని గుఱ్ఱములు కండరములు బిగిసి కదలలేక నిలిచిపోయెడివి. ఆ జబ్బునకు ‘సోమవారపు వ్యాధి’ యను పేరే వచ్చెను. విశ్రాంతిదినమున దాణా తగ్గించి గడ్డి పెట్టవలెనని ఈ అనుభవము నేర్పెను.

అయినచో గుఱ్ఱము తగిన బరువున నున్నదని తెలియుటెట్లు? 1983లో అమెరికాలోని టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ఒక కొలత ప్రకటించిరి. అందు 1 మిక్కిలి చిక్కిన దేహము. 9 మిక్కిలి క్రొవ్విన దేహము. 5 మధ్యస్థము. ఈ స్థితిలో ప్రక్కటెముకలు కంటికి కనబడవు. చేతితో తడిమిన తెలియును.

దేహస్థితితోపాటు అవసరములును మారుచుండును. చూలుతో నున్న గుఱ్ఱమునకు చివరి మూడు నెలలలో మేత హెచ్చింపవలెను. పాలిచ్చునపుడు ఇంకను హెచ్చుగా కావలెను. ముసలిదానికి పండ్లు అరుగును గావున నానబెట్టిన మెత్తని మేత పెట్టవలెను. ఏ మార్పైనను ఒక్కనాటితో చేయరాదు. వారము పదిదినములలో క్రమముగా చేయవలెను. మంచినీరు, ఉప్పు ఎల్లప్పుడును అందుబాటులో నుండవలెను.

గుఱ్ఱము తన బాధను నోటితో చెప్పజాలదు. దాని ప్రక్కను తడిమి, దాని పనిని చూచి, మేతను కొలిచి పెట్టువాడే దానికి నిజమైన హితుడు. కొలతలేని దయ దానికి కీడే చేయును.