పొట్టివారికి పొడుగు పలక

సముద్రపుటలలపై పలక నెక్కి నిలువబడి తీరమునకు వచ్చు క్రీడను సర్ఫింగు అందురు. అందు తొమ్మిదడుగులును అంతకు మించియు పొడవుండు పలకలకు లాంగుబోర్డులని పేరు. ఆరితేరినవారు, అల తమ్ము మోసికొని పోవుచుండగా, పలక వెనుకభాగమునుండి ఒక పాదము ముందు మరియొక పాదము వైచుచు ముందునకు నడచి, కొసయంచున కాలివ్రేళ్లు బయటికి వ్రేలాడునట్లు నిలుతురు. కొసను ముక్కనియు, వెనుకభాగమును తోకయనియు వ్యవహరింతురు గావున ఈ విద్యకు నోస్‌రైడింగు, అనగా ముక్కుస్వారి, యని పేరు కలిగినది. చూచుటకు నీటిపై నడచినట్లే యుండును.

మన ఆడుపడుచులు పలువురు నేడు సముద్రతీర దేశములలో కాపురములు చేయుచున్నారు. వారి బిడ్డల మూలమున ఈ మాటలు మన యిండ్లలోను వినబడుచున్నవి. కావున పొట్టిదియు బరువు తక్కువదియు నగు స్త్రీ ఈ విద్య నేర్చుకొనదలచినచో ఎట్టి పలకను ఎన్నుకొనవలయునో వ్రాయుటకు పూనుకొంటిమి. మేము ఒడ్డున నిలిచి చూచినవారమే కాని పలక నెక్కినవారము కాము. ఐనను మా చెల్లెలి కుమార్తె కాలిఫోర్నియాలో ఐదారేండ్లుగా ఈ క్రీడ నాడుచున్నది. ఆమె చెప్పినవియు, మేము చదివి తెలిసికొన్నవియు కలిపి చెప్పుచున్నాము.

పొట్టివారికి పొట్టిపలక, పొడుగువారికి పొడుగుపలక. ఇందు ఆలోచింపవలసిన దేమున్నది అని కొందరు అనవచ్చును. ఐదడుగుల స్త్రీ దుకాణమునకు పోయినచో ఆమెకు సాధారణముగా రెండు సలహాలలో ఒకటి దొరకును. ఏడెనిమిదడుగుల పలక చాలునని యొకరందురు. అది నిలువబడుట నేర్చుకొనుటకు మంచిదే. కాని నడచుటకు దానిపై చోటు లేదు, ముక్కుపై నిలిచినప్పుడు వెనుక నిలుపుటకు తగినంత తోకయు లేదు. ఇంటిలో అన్నదో మగనిదో పలక యున్నది గదా, పెద్దదైన మరింత నిలకడగా నుండును అని మరియొకరందురు. ఈ రెండవ సలహా మరింత చెరుపు చేయును. ఏలయన, అది వినిన స్త్రీ ఏడాది శ్రమించియు ముక్కు చేరలేక, లోపము పలకలో నున్నదని యెరుగక, తనకు ధైర్యము చాలదనియో, ఒడలిలో సత్తువ లేదనియో నిశ్చయించుకొని మానివేయును.

ఈ క్రీడ పురుషుల సొత్తు కాదు. హవాయి ద్వీపములలో పూర్వము దొరలు, సామాన్యులు, స్త్రీలు, బాలురు అందరును అలలపై ఆడెడివారు. ఓలో యను మిక్కిలి పొడవైన పలకలు దొరలవి. అలాయా యను పలుచని పలకలు తక్కినవారివి. తరువాతి కాలమున కాలిఫోర్నియాలో రెడ్‌వుడ్డు మ్రానుతో చేసిన పలకలు ముప్పది, నలువది కిలోలు తూగెడివి. అట్టిదానిని ఇసుకలో ఈడ్చుకొని పోవుటకే ఆడుదాని ప్రాణము సగమగును. 1947లో జో క్విగ్ అను పలకలు చెక్కు నేర్పరి, చలనచిత్ర నిర్మాత డారిల్ జానక్ కుమార్తెయగు డారిలిన్ కొరకు బాల్సా, రెడ్‌వుడ్డు కలిపి పదడుగుల రెండంగుళముల తేలిక పలకను చేసి యిచ్చెను. మాలిబూ తీరమున యువకులు దానిని ఎరువు తీసికొని యెక్కి చూచి, తమ బరువు పలకలకంటె అది సులువుగా తిరుగుటకు అచ్చెరువంది, తామును అట్టివానినే కోరసాగిరి. నేటి లాంగుబోర్డుల వంశమునకు ఈ పలక మూలపురుషులలో నొకటి; మూలస్త్రీ యనుట మరింత న్యాయము.

అదే మాలిబూకు 1956 వేసవిలో కాథీ కోనర్ అను పదునైదేండ్ల బాలిక వచ్చెను. ఐదడుగుల మనిషి యగుటచే అచ్చటి యువకులు ఆమెకు గిడ్జెట్ అని ముద్దుపేరు పెట్టిరి. ఆడుపిల్ల, మరుగుజ్జు అను రెండు ఆంగ్లపదములను అతికిన పేరది. ఆమె తండ్రి ఫ్రెడరిక్ కోనర్ 1957లో ఆ కథను నవలగా వ్రాసెను. 1959లో అది చలనచిత్రమయ్యెను. ఆ 1959లోనే లిండా బెన్సన్ అను మరియొక పొట్టి బాలిక పదునైదవ యేట హవాయిలోని మకాహా పోటీలో స్త్రీలలో మొదటిదిగా నిలిచెను. పొట్టితనము ఈ విద్యకు అడ్డుకాదనుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు.

ఇక పలక యొక్క కిటుకు. ఏతము త్రొక్కువానిని చూచినవారికి ఇది సులువుగా బోధపడును. వాడు దూలముపై ఒక కొనకు నడచినంతనే ఆ కొన దిగును, రెండవది లేచును. పలక ముక్కుపైకి పోయిన స్త్రీ అట్లే ముందునకు మునిగిపోవలసినది, ఏల మునుగదు? రెండవ కొనపై మరియొక బరువు కూర్చుండుట చేతనే. ఆ బరువు నీరు. విరుగబోవు అలలో పైకెగబ్రాకుచున్న నీరు పలక తోకను కప్పి, దానిపై ప్రవహించి, క్రిందికి త్రొక్కిపట్టును. పైకి వంపు దిరిగిన తోకయు, దాని గుండ్రని అంచులును ఆ నీటిని తమ్ము చుట్టుకొని పోనిచ్చును గావున పట్టు మరింత బిగియును. తోక యెంత గట్టిగా పట్టువడునో, ముక్కు అంత నిశ్చలముగా నిలుచును. కొన్ని పలకలకు ముక్కు క్రింద దోసిలివలె లోతుగా చెక్కుదురు. అదియు కొంత మేలు చేయును. కాని అంగడివారు దానినే గొప్పగా చెప్పుట విని మోసపోరాదు. ముక్కుస్వారికి పలక కొనువారు ముందుగా చూడవలసినది తోకను.

పొట్టిదానికి ఇందు ఒక లాభమును ఒక నష్టమును కలవు. ముక్కుపై ఆమె బరువు తక్కువ; నీరు మోయవలసినదియు తక్కువే. ఇది లాభము. కాని ముక్కునకు నడచుటకు ముందు తోకపై అడుగు వైచి, దానిని నీటిలో కొంత ముంచి, పలక వేగము తగ్గించి, విరుగుచున్న అలను తన వెనుకకు రానీయవలెను. ఎనుబది కిలోల పురుషుడు పాదము మోపిన మాత్రమున తోక దిగును. నలువదియెనిమిది కిలోల స్త్రీ అదే పలకపై ఎంత త్రొక్కినను అది బెండువలె తేలుచునే యుండును. పలక ముందునకు పరుగిడును, అల వెనుకబడును, తోకపైకి నీరు రాదు. అప్పుడామె ముక్కునకు నడచినచో తలక్రిందుగా పడక మరేమి గతి?

అందుచేత పొడవును ఎక్కువగా తగ్గింపక, మందమును, వెడల్పును, అంచుల బొద్దుతనమును తగ్గించిన పలక ఆమెకు తగినది. మా చెల్లెలి కుమార్తెకు ఆమె భర్త స్నేహితు డొకరు తన పాతపలక నిచ్చిరి. అది తొమ్మిదడుగుల ఎనిమిదంగుళముల పొడవు, 23¾ అంగుళముల వెడల్పు, 3¼ అంగుళముల మందము. పలక ఆక్రమించు చోటును లీటర్లలో కొలుతురు. అది ఎనుబది లీటర్లకు పైమాట. ఏడాదిపాటు ప్రతి సెలవునాడును దానితో పెనగులాడి, "పెద్దమ్మా, ఈ వయసులో నాకిది పట్టుబడదు" అని మాకు వ్రాసెను. అప్పటికామె వయస్సు ముప్పదియొకటి! ఆ పిమ్మట పలకలు చెక్కు వృద్ధుడొకడు ఆమెను పాతపలకపై చూచి, తొమ్మిదడుగుల రెండంగుళముల పొడవు, 22½ అంగుళముల వెడల్పు, 2¾ అంగుళముల మందము గల పలకను చేసి యిచ్చెను. పొడవున తగ్గినది అరయడుగే. లీటర్లలో తగ్గినవి ఇరువదికి పైగా. ఆ మరుసటి నెలలో ఆమె ఐదువ్రేళ్లు ముక్కుపై నుంచి నిలిచినది. ఆ దినమున వచ్చిన ఉత్తరములో తలయు తోకయు లేదు, సంతోషమే యున్నది.

ఐదడుగులనుండి ఐదడుగుల మూడంగుళముల ఎత్తును, నలువదియైదునుండి యేబదియైదు కిలోల బరువును గల స్త్రీకి తొమ్మిదడుగులు మొదలు తొమ్మిదడుగుల నాలుగంగుళముల వరకు పొడవు సరిపోవును. వెడల్పు 22 మొదలు 22¾ అంగుళములు. మందము 2⅝ మొదలు 2⅞. లీటర్లలో ఇంచుమించు అరువది. కొసకు ఒక యడుగు ఇవతల ముక్కు వెడల్పును కొలుతురు. అది 18 అంగుళములకు అటునిటుగా నుండవలెను. ఇంతకు తగ్గినచో పాదములకు చోటుండదు. తోక కోసుగా కాక చతురముగానో, గుండ్రముగానో వెడల్పుగా నుండి, చివర పైకి వంపు తిరిగి యుండవలెను. ముక్కు వద్ద వంపు స్వల్పముగా నున్నచాలును. పలకను ఇసుకలో బోర్లవైచి, నేలకు కన్ను చేర్చి చూచినచో ఈ వంపులు రెండును తెలియును. అంచులు రెండు చేతులలోనికి తీసికొని తడిమి చూడవలయును: మెత్తగా గుండ్రముగా నుండవలెను, కాని రొట్టెలాగున ఉబ్బి యుండరాదు.

బరువును గూర్చి పండితులలోనే వాదము కలదు. కొంత బరువున్న పలక అలలో ఊగిసలాడక తిన్నగా పోవును. ముక్కుస్వారి పెద్దలు బరువునే మెచ్చుకొందురు. తొమ్మిది పది కిలోల పలకలు నేటికిని చేయుచున్నారు. కాని పార్కింగు స్థలమునుండి నీటి యంచువరకు మోయవలసినది ఆమెయే గదా! ఆరున్నర మొదలు ఎనిమిది కిలోలు మధ్యేమార్గమని మా తలంపు. కొనుటకు ముందు పలకను చంకలో పెట్టుకొని చూడవలెను. చేతివ్రేళ్లు క్రిందియంచునకు అందనిచో గాలి వీచునప్పుడు దానిని మోయుట నరకము. అట్టివారు తలపై మోయుట కలదు. బిందె క్రింద చుట్టకుదురు పెట్టుకొను వాడుక మన స్త్రీలకు తెలియనిదా? మా పిల్ల తువ్వాలును చుట్టి తలపై పెట్టుకొని మోయుచుండగా, తోడి స్త్రీలు చూచి తామును అట్లే చేయుచున్నారట.

క్రొత్తపలక వేయి డాలర్లు దాటును. నేర్చుకొనుటకు పాతది చాలును. దెబ్బ తగిలినను మనస్సు కలుక్కుమనదు. కాని పాతపలకను చీర కొనునట్లు రంగు చూచి కొనరాదు. పైభాగమున బొటనవ్రేలితో నొక్కిన మెత్తగా దిగుచున్నదా, పగుళ్లలోనుండి నీరు త్రాగి లోపలి నురుగు గోధుమవన్నెకు తిరిగినదా, క్రిందనుండు రెక్క మొదట చీలిక లున్నవా చూడవలయును. నీరు త్రాగిన పలక నానాటికి బరువెక్కును.

అలయు తగినదై యుండవలెను. మాలిబూ, సాన్ ఒనోఫ్రే, హవాయిలోని వైకీకీ, ఆస్ట్రేలియాలోని నూసా వంటిచోట్ల అలలు నడుమెత్తున లేచి, ఒక ప్రక్కనుండి మెల్లగా చాపచుట్టినట్లు విరుగుచు పోవును. ముక్కుస్వారికి అవియే పాఠశాలలు. గోడవలె లేచి ఒక్కసారిగా కూలు అలలలో ఏ పలకయు పనికిరాదు. మన దేశమునను కర్ణాటక, తమిళ తీరములయందు ఈ క్రీడ వేళ్లూనినది. విశాఖపట్టణమునను అలలపై ఆడువారు కలరు. తెప్పలపై అలలు దాటు జాలరుల నెరిగిన మనకు ఇది వింత కాకూడదు. ఈత రానిదే ఎవ్వరును పలక నెక్కరాదు. కాలికి పలకను కట్టు త్రాడు పలక పొడవునకు తగ్గరాదు. పడినప్పుడు రెండు చేతులతో తలను కప్పుకొని పైకి లేవవలయును. పలక ఎచ్చటనో తలపైననే యుండును.

చివర రెక్క మాట. లాంగుబోర్డు క్రింద తోకవైపున ఒక్క పెద్దరెక్క యుండును. దుకాణములలో పదంగుళముల రెక్కను బిగించి యిత్తురు. తేలికైన స్త్రీకి అది మిక్కిలి బిగువు, పలక తిరుగదు. తొమ్మిదంగుళములది చాలును, అదియు మొదట వెడల్పై యున్నచో మరింత మేలు. రెక్కను బిగించు గాడి పొడవుగా నుండును గావున దానిని ముందునకును వెనుకకును జరుపవచ్చును. వెనుకకు జరిపిన తోకకు పట్టు హెచ్చును; ముందునకు జరిపిన పలక సులువుగా తిరుగును. మొదట గాడి నడుమ బిగించి, ఒక మరచుట్టును నాణెమును సంచిలో పెట్టుకొని పోయి, అరయంగుళము చొప్పున జరుపుచు రెండుమూడు దినములు చూచుకొనవలెను. మరమేకు ఇసుకలో పడిన దొరకదు. రెండు అదనముగా నుంచుకొనుడు.