మెట్రో దారి ఎటు? జిల్లాల ప్రయాణికుడికి దక్కేదెంత?
రెండో దశలో ఎనిమిది మార్గాలు... మారిన రూట్లు, మిగిలిన ప్రశ్నలు

చౌటుప్పల్: తెల్లవారుజామున విజయవాడ జాతీయ రహదారిపై హైదరాబాద్‌కు సాగే బస్సులను గమనిస్తే జిల్లాల అవసరాలన్నీ అందులోనే కనిపిస్తాయి. నిమ్స్‌కు, ఉస్మానియాకు వెళ్లే రోగులు, కళాశాలలకు వెళ్లే విద్యార్థులు, కూలి పనులకు వెళ్లేవారు, కోర్టు వాయిదాలకు వెళ్లే కక్షిదారులు అందరూ అదే బస్సులో ఉంటారు. ఊరి నుంచి నగర శివారు వరకు సాఫీగా సాగిన ప్రయాణం హయత్‌నగర్ దాటగానే నత్తనడకన పడుతుంది. అక్కడి నుంచి ఎల్బీ నగర్ చేరి మెట్రో ఎక్కేందుకు పట్టే సమయమే వారి పనిదినాన్ని హరిస్తోంది. అందుకే హైదరాబాద్ మెట్రో రెండో దశ కేవలం నగరవాసుల వ్యవహారం కాదు. ఆ రైలు ఎక్కడ ఆగుతుంది, ఎటు తిరుగుతుంది అన్నది జిల్లాల ప్రజలకూ అంతే ముఖ్యం.

ఇప్పటివరకు జరిగింది

మొదటి దశలో మూడు మార్గాలు నిర్మాణమయ్యాయి. మియాపూర్ - ఎల్బీ నగర్, నాగోల్ - రాయదుర్గం, జేబీఎస్ - ఎంజీబీఎస్ కలిపి దాదాపు 69 కిలోమీటర్లు. 2017 నవంబరు 29న తొలి రైలు ప్రయాణికులతో కదిలింది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట్ - ఎల్బీ నగర్ భాగం, 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్ - ఎంజీబీఎస్ మార్గం అందుబాటులోకి వచ్చాయి. ఈ మార్గాలన్నీ స్తంభాలపై నిర్మించినవే. భూగర్భంలో తవ్వితే కిలోమీటరుకయ్యే వ్యయం రెట్టింపు దాటుతుందన్న అంచనాతో నిర్మాణమంతా పైమార్గానికే పరిమితమైంది.

అయితే ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా వరకు పాతబస్తీలో నిర్మించాల్సిన ఐదున్నర కిలోమీటర్ల భాగం మొదటి దశలో అలాగే మిగిలిపోయింది. 2014లో శాసనసభ, సుల్తాన్‌బజార్, పాతబస్తీ ప్రాంతాల్లో మార్గాన్ని మార్చాలన్న ప్రతిపాదన తెరపైకి వచ్చిన సంగతి విదితమే. మొదటి రెండు చోట్లా సమస్య పరిష్కారమై రైలు నడుస్తుండగా, పాతబస్తీకి మాత్రం ఏళ్ల తరబడి నిరీక్షణే మిగిలింది. రూట్ మార్పు కాగితంపై గీత మార్చినంత సులువు కాదనడానికి ఇదే నిదర్శనం.

విమానాశ్రయ మార్గం ఎందుకు మారింది?

2022 డిసెంబరు 9న అప్పటి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖర్‌రావు రాయదుర్గం నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి 31 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్ మెట్రోకు శంకుస్థాపన చేశారు. దాని అంచనా వ్యయం 6,250 కోట్ల రూపాయలు. ఆ మార్గం చాలావరకు బాహ్య వలయ రహదారి వెంబడి సాగేది. 2023 డిసెంబరులో అధికారం చేపట్టిన ముఖ్యమంత్రి ఎ.రేవంత్‌రెడ్డి దానిని నిలిపివేసి, నగరం తూర్పు, దక్షిణ భాగాల మీదుగా కొత్త మార్గాన్ని రూపొందించాలని ఆదేశించారు.

వలయ రహదారిపై ఇప్పటికే కార్లు వేగంగా విమానాశ్రయం చేరుతున్నాయి. అక్కడ రైలు వేస్తే విమాన ప్రయాణికులకు మేలు కలుగుతుంది గానీ, దారి పొడవునా ఎక్కి దిగే జనం తక్కువ. అదే నాగోల్, ఎల్బీ నగర్, కర్మన్‌ఘాట్, చాంద్రాయణగుట్ట, మైలార్‌దేవ్‌పల్లి మీదుగా వెళ్తే దారంతా జనావాసాలే. విమానం ఎక్కేవారి కంటే రోజూ పనికి వెళ్లేవారే అధికంగా ఉంటారు. మెట్రోకు ఆదాయం వచ్చేది కూడా వారి నుంచే. పడమటి ఐటీ ప్రాంతం నుంచి విమానాశ్రయానికి నేరుగా రైలు లేకపోవడం ఈ మార్పులోని లోటు అన్నది కూడా వాస్తవమే.

ఎనిమిది మార్గాల స్వరూపం

2024 అక్టోబరులో రాష్ట్ర మంత్రివర్గం రెండో దశ ‘ఎ’ భాగంలో ఐదు మార్గాలకు ఆమోదం తెలిపింది. మొత్తం 76.4 కిలోమీటర్లు, వ్యయం 24,269 కోట్ల రూపాయలు. అవి ఇలా ఉన్నాయి.

నాగోల్ - శంషాబాద్ విమానాశ్రయం: 36.8 కిలోమీటర్లు. ఎల్బీ నగర్, చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్, కొత్త హైకోర్టు ప్రాంతం మీదుగా వెళ్తుంది. విమానాశ్రయం వద్ద 1.6 కిలోమీటర్లు మాత్రమే భూగర్భ మార్గం.

రాయదుర్గం - కోకాపేట నియోపొలిస్: 11.6 కిలోమీటర్లు.

ఎంజీబీఎస్ - చాంద్రాయణగుట్ట: 7.5 కిలోమీటర్లు. పాతబస్తీ మార్గం ఇదే.

మియాపూర్ - పటాన్‌చెరు: 13.4 కిలోమీటర్లు.

ఎల్బీ నగర్ - హయత్‌నగర్: 7.1 కిలోమీటర్లు.

వీటికి తోడు 2025లో ‘బి’ భాగం కింద మరో మూడు మార్గాలను ప్రతిపాదించారు. విమానాశ్రయం - ఫ్యూచర్ సిటీ 39.6 కిలోమీటర్లు, జేబీఎస్ - మేడ్చల్ 24.5 కిలోమీటర్లు, జేబీఎస్ - శామీర్‌పేట 22 కిలోమీటర్లు. మొత్తం 86.1 కిలోమీటర్లకు 19,579 కోట్ల రూపాయలు అవసరమని లెక్కగట్టారు.

రెండు కిలోమీటర్ల మార్పు... పెద్ద ప్రయోజనం

ఈ ప్రతిపాదనల్లో అందరి దృష్టికీ అంతగా రాని మార్పు ఒకటుంది. పాతబస్తీ మార్గాన్ని మొదట ఫలక్‌నుమాతోనే ముగించాలనుకున్నారు. ఇప్పుడు దానిని చాంద్రాయణగుట్ట దాకా పొడిగించారు. పెరిగింది రెండు కిలోమీటర్లే. కానీ ఆ రెండు కిలోమీటర్లతోనే పాతబస్తీ మార్గం విమానాశ్రయ మార్గాన్ని కలుసుకుంటుంది. లేకుంటే ఫలక్‌నుమాలో రైలు దిగిన ప్రయాణికుడు మళ్లీ ఆటో వెతుక్కోవాల్సిందే. సికింద్రాబాద్ జేబీఎస్‌లో దిగిన కరీంనగర్ ప్రయాణికుడు ఎంజీబీఎస్, చార్మినార్ మీదుగా చాంద్రాయణగుట్టకు, అక్కడి నుంచి విమానాశ్రయానికి రైలు మార్గంలోనే చేరుకునే వీలు ఈ పొడిగింపుతోనే కలుగుతుంది. మార్గాల పొడవు కంటే అవి ఒకదానితో ఒకటి ఎక్కడ కలుస్తాయన్నదే ముఖ్యమని దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇందుకు పాతబస్తీవాసులు చెల్లిస్తున్న మూల్యమూ తక్కువేమీ కాదు. ఇరుకైన దారుల్లో స్తంభాలు నిలపాలంటే రోడ్డు విస్తరణ తప్పదు. తరతరాలుగా ఉన్న ఇళ్లు, దుకాణాలు వందల సంఖ్యలో ఆ గీత కిందకు వస్తున్నాయి. చదరపు గజానికి 81 వేల రూపాయల పరిహారం నిర్ణయించి, 2025 జనవరిలో చెక్కుల పంపిణీ ప్రారంభించారు. పరిహారంతో స్థలం విలువ దక్కవచ్చునేమో గానీ, దుకాణదారుడు ఆ వీధిలో సంపాదించుకున్న ఖాతాదారులు దక్కరు. ఈ అంశంపైనా పాలకులు దృష్టి సారించాలి.

ఏ జిల్లాకు ఏ మార్గం?

జిల్లాల కోణంలో చూస్తే ఒక్కో మార్గం ఒక్కో రహదారికి ముఖద్వారం. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి వచ్చేవారికి హయత్‌నగర్ మార్గం. సంగారెడ్డి, జహీరాబాద్ వారికి పటాన్‌చెరు మార్గం. కామారెడ్డి, నిజామాబాద్ వారికి మేడ్చల్ మార్గం. సిద్దిపేట, కరీంనగర్ వారికి శామీర్‌పేట మార్గం ఉపకరిస్తాయి. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చేవారు ఆరాంఘర్ వద్ద విమానాశ్రయ మార్గాన్ని అందుకోవచ్చు.

వరంగల్ రహదారి మాత్రం ఈ జాబితాలో లేదు. భువనగిరి, జనగామ వైపు నుంచి వచ్చేవారు యథావిధిగా ఉప్పల్ చేరుకోవాల్సిందే. ఎనిమిది కొత్త మార్గాల్లో ఒక్కటి కూడా ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ వైపు సాగకపోవడం గమనార్హం. అయితే ఘట్‌కేసర్ వరకు ఎంఎంటీఎస్ కోసం అదనపు రైలు పట్టాలు వేసి ఉన్నందున, అక్కడ కొత్త మెట్రో కోసం పట్టుబట్టడం కంటే ఎంఎంటీఎస్ రైళ్ల సంఖ్య పెంచాలని కోరడమే తక్కువ ఖర్చుతో తీరే కోరిక.

హయత్‌నగర్‌తో ఆగితే సరిపోతుందా?

విజయవాడ రహదారి ప్రయాణికుల ప్రధాన సందేహం ఇదే. హయత్‌నగర్ ఇప్పటికే నగరంలో కలిసిపోయింది. జిల్లాల బస్సులు నగరంలోకి రాకుండా మలుపు తిరగగల చోటు బాహ్య వలయ రహదారి కలిసే పెద్దఅంబర్‌పేట. మార్గాన్ని అక్కడి దాకా పొడిగించి, పక్కనే బస్సులు నిలిచే ప్రాంగణం, వాహనాల పార్కింగ్ ఏర్పాటు చేస్తే రద్దీలో చిక్కుకునే దూరం తగ్గుతుంది.

అయితే ఈ కోరికకూ ఒక ధర ఉంది. ‘ఎ’ భాగం వ్యయాన్ని పొడవుతో భాగిస్తే కిలోమీటరుకు సగటున సుమారు 318 కోట్ల రూపాయలు అవుతోంది. అంతటి వ్యయం వెంటనే సాధ్యం కాదంటే, కనీసం స్థలాన్నయినా ఇప్పుడే కేటాయించి ఉంచాలి. రేపు భవనాలు లేచాక అదే స్థలం సేకరించాలంటే ఎంత కష్టమో పాతబస్తీ అనుభవం చెబుతూనే ఉంది.

డబ్బు ఎక్కడిది?

‘ఎ’ భాగానికి రాష్ట్ర ప్రభుత్వం 30 శాతం, అంటే 7,313 కోట్లు భరించాలి. కేంద్రం వాటా 18 శాతం, 4,230 కోట్లు. అంతర్జాతీయ రుణ సంస్థల నుంచి 48 శాతం, 11,693 కోట్లు అప్పుగా తేవాలి. మిగిలిన 4 శాతం, 1,033 కోట్లు ప్రైవేటు భాగస్వామ్యం ద్వారా సమకూరాలి. రాష్ట్ర వాటా ఆదిలాబాద్ నుంచి గద్వాల వరకు ప్రజలందరి పన్ను సొమ్మే. అప్పు తీర్చేదీ ఆ ఖజానా నుంచే. కనుక రైలు ఎటు వెళ్లాలో అడిగే హక్కు జిల్లాల ప్రజలకూ ఉంది.

2024 నవంబరులో సమగ్ర ప్రాజెక్టు నివేదికలు కేంద్రానికి చేరాయి. 2017 నాటి జాతీయ మెట్రో విధానం ప్రకారం కేంద్రం సాయం అందాలంటే ప్రత్యామ్నాయాల పరిశీలన, నగర రవాణా ప్రణాళిక, ప్రైవేటు భాగస్వామ్యం, కనీసం 14 శాతం ఆర్థిక ప్రయోజన రేటు చూపాలి. 2025లోనూ ఆ దస్త్రం కేంద్రం పరిశీలనలోనే ఉండిపోయింది. మొదటి దశ ప్రైవేటు సంస్థ చేతిలో, రెండో దశ ప్రభుత్వం చేతిలో ఉంటే రైళ్లు, టికెట్లు, ఆదాయం ఎలా పంచుకుంటారన్న ప్రశ్న ఎదురైంది. ఈ నేపథ్యంలోనే 2025 సెప్టెంబరులో మొదటి దశను ఎల్‌అండ్‌టీ నుంచి స్వాధీనం చేసుకునేందుకు రాష్ట్ర ప్రభుత్వం సూత్రప్రాయంగా అంగీకరించింది. దాదాపు 13 వేల కోట్ల రూపాయల అప్పు బాధ్యతతో పాటు సంస్థకు రెండు వేల కోట్లు చెల్లించాలన్నది ఆ అవగాహన.

టికెట్ ఒక్కటైతేనే మేలు

మార్గం పడినంత మాత్రాన పేద ప్రయాణికుడు రైలెక్కుతాడన్న హామీ లేదు. 2025 మేలో చార్జీలు సవరించాక, రాయితీ పోను కనీస చార్జీ 11 రూపాయలు, గరిష్ఠ చార్జీ 69 రూపాయలుగా నిర్ణయించారు. మరోవైపు 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. బస్సులో కూర్చుంటే పైసా ఖర్చు లేకుండా ఎంజీబీఎస్ చేరగల మహిళ, మధ్యలో దిగి డబ్బు పెట్టి మెట్రో ఎక్కాలంటే సమయం ఎంతో కలిసిరావాలి. బస్సు, మెట్రో, ఎంఎంటీఎస్‌లకు ఒకే టికెట్, బస్సు దిగిన చోటే స్టేషన్ మెట్లు, రోగులకూ వృద్ధులకూ లిఫ్టు సౌకర్యం ఉంటేనే ఆ ప్రయోజనం చేకూరుతుంది.

మార్గాలు ఖరారయ్యాక స్తంభం జరపడం ఎవరి తరమూ కాదు. పెద్దఅంబర్‌పేట, ఆరాంఘర్, మేడ్చల్, శామీర్‌పేట, పటాన్‌చెరు వంటి ముఖద్వారాల వద్ద బస్సుకు, రైలుకు మధ్య నడక దూరం ఎంత ఉండాలో ఇప్పుడే తేల్చాలి. జిల్లాల ప్రజాప్రతినిధులు ఈ ప్రతిపాదనలను నగర ఎమ్మెల్యేలకే వదిలేయకుండా తమ ప్రయాణికుల పక్షాన గళం విప్పాలి. తెల్లవారుజామున చీటీ పట్టుకుని ఆసుపత్రికి బయల్దేరిన రోగి ఓపీ కౌంటరు మూసేలోగా చేరగలిగితేనే ఈ వేల కోట్ల వ్యయానికి సార్థకత.