బ్యాటరీ ఛార్జింగ్.. ఏమరితే ముప్పు

తొలకరి జల్లు పడగానే రైతు చూపు షెడ్డులోని ట్రాక్టరు వైపు మళ్లుతుంది. రబీ తర్వాత నెలల తరబడి కదలని ఆ వాహనం తాళం తిప్పితే 'టక్కు'మన్న శబ్దం తప్ప ఇంజను తిరగదు. వాడకం లేక, ఎండల తీవ్రతకు బ్యాటరీ దిగిపోవడమే ఇందుకు ప్రధాన కారణం. అదను దాటిపోతుందన్న ఆత్రంతో దానిని విప్పి, ఇంట్లోనో పశువుల పాకలోనో ఒక మూల ఛార్జింగుకు పెట్టి రాత్రంతా వదిలేయడం పల్లెల్లో పరిపాటిగా మారింది. ఛార్జింగులో ఉన్న బ్యాటరీ నుంచి మండే స్వభావం గల వాయువు వెలువడుతుందన్న సంగతి చాలామందికి తెలియదు. ఒక్క నిప్పురవ్వ తగిలితే బ్యాటరీ పెట్టె పగిలి, లోపలి ఆమ్లం ముఖంపైకి చిమ్ముతుంది. కంటిచూపే కోల్పోయే ప్రమాదముంది. ఈ ముప్పు ఎక్కువగా పొంచి ఉండేది క్లిప్పులు తగిలించేటప్పుడు, తీసేటప్పుడే.

లోపల జరిగేదిదీ..

సీసం, ఆమ్లాలతో పనిచేసే ఈ బ్యాటరీని ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లో రూపొందించారు. నేటికీ ట్రాక్టర్లు, లారీలు, కార్లలో ఇంజను తిప్పేందుకు ఎక్కువగా దీనినే వాడుతున్నారు. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు అరలుంటాయి. ఒక్కో అర సుమారు 2 వోల్టులనిస్తుంది. అరల్లోని సీసపు పలకలు నీరు కలిపిన గంధకామ్లంలో మునిగి ఉంటాయి. విద్యుత్తు వాడేకొద్దీ పలకలపై లెడ్ సల్ఫేట్ పేరుకుని ఆమ్లం పలచబడుతుంది. ఛార్జింగుకు పెడితే ఈ చర్య వెనక్కి మళ్లుతుంది.

బ్యాటరీ నిండుతూ వోల్టేజీ 14.4 ప్రాంతానికి చేరేసరికి, విద్యుత్తులో కొంత భాగం నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొడుతుంది. అరల్లో బుడగలు లేవడానికి కారణమిదే. గాలిలో హైడ్రోజన్ 4 శాతానికి చేరితే చిన్న రవ్వకే అంటుకుంటుంది. దీనికి రంగు, వాసన లేవు. గాలికంటే తేలిక కావడంతో మూసిన గదిలో పైకప్పు కింద చేరుతుంది.

చోటు ముఖ్యం

పడక గది, వంటిల్లు, గడ్డివాము దరిదాపుల్లో బ్యాటరీని ఛార్జింగుకు పెట్టరాదు. నీడ ఉండి, గాలి ధారాళంగా ఆడే వసారా వంటి చోటు మేలు. బీడీ, అగ్గిపుల్ల, దీపం దగ్గరకు రానీయరాదు. అరల్లో నీటిమట్టం చూసేందుకు అగ్గిపుల్ల వెలిగించడం పేలుడును కొనితెచ్చుకోవడమే. అందుకు టార్చిలైటు వాడాలి. దానిని కూడా దూరంగానే వెలిగించి తేవాలి. మూతలపై ఉండే సన్నని రంధ్రాలు దుమ్ముతో పూడిపోకుండా చూడాలి. పిల్లలను ఆ ఛాయలకు రానీయరాదు.

వరుస తప్పరాదు

వాహనం నుంచి బ్యాటరీని విప్పేటప్పుడు ముందుగా నెగెటివ్ తీగను, తర్వాత పాజిటివ్‌ను తొలగించాలి. చాలా వాహనాల్లో నెగెటివ్ తీగ ఛాసిస్‌కు కలిపి ఉంటుంది. పాజిటివ్‌ను ముందుగా విప్పబోతే పానా ఛాసిస్‌కు తగిలి రవ్వలు లేస్తాయి. తిరిగి బిగించేటప్పుడు పాజిటివ్ ముందు, నెగెటివ్ చివర. చేతి ఉంగరాలు, కడియాలు, గడియారం తీసి పక్కన పెట్టాలి. అవి రెండు టెర్మినళ్లకు ఒకేసారి తగిలితే క్షణంలో ఎర్రగా కాలి వేలిని దహిస్తాయి.

ఛార్జరు స్విచ్ ఆపి ఉండగానే ఎర్ర క్లిప్పును పాజిటివ్‌కు, నల్ల క్లిప్పును నెగెటివ్‌కు తగిలించాలి. ఆ తర్వాతే స్విచ్ వేయాలి. తీసేటప్పుడు ముందు స్విచ్ ఆపాలి, కొంతసేపు ఆగి క్లిప్పులు తొలగించాలి. కరెంటు పోయింది కదా అని స్విచ్ ఆపకుండా క్లిప్పులపై చేయి వేయరాదు. ఛార్జింగు ఎక్కిందో లేదో చూసేందుకు రెండు టెర్మినళ్లకు తీగ తాకించి రవ్వలు చూసే అలవాటు ప్రాణాంతకం.

ఎంత? ఎంతసేపు?

బ్యాటరీ సామర్థ్యంలో పదో వంతుకు మించకుండా కరెంటు ఇవ్వడం సాధారణ నియమం. 80 ఆంపియర్ అవర్ బ్యాటరీకి 8 ఆంపియర్లు సరిపోతాయి. పూర్తిగా దిగినది నిండేందుకు 10 గంటలకు పైగానే పడుతుంది. అందుకే రాత్రి కాక, మనిషి అందుబాటులో ఉండే పగటి వేళ, తెల్లవారగానే మొదలుపెట్టడం క్షేమం. పెట్టె చేయి పెట్టలేనంతగా వేడెక్కినా, ఉబ్బినా, కుళ్లిన గుడ్డు వాసన వచ్చినా దగ్గరకు వెళ్లకుండా మెయిన్ వద్దే విద్యుత్తు ఆపేయాలి. పగిలిన బ్యాటరీకి ఛార్జింగు పెట్టనే కూడదు. మూతలు లేని సీల్డు బ్యాటరీలను బలవంతంగా తెరవరాదు. వాటికి తగిన ఛార్జరునే వాడాలి.

బోరు నీరు వద్దు

పలకలు పైకి తేలి ఉంటే అవి మునిగేంత మేరకే డిస్టిల్డ్ వాటర్ పోసి ఛార్జింగు పెట్టాలి. గుర్తు వరకు నింపడం ఛార్జింగు ముగిశాకే. ముందే నింపితే ఆమ్లం పొంగి బయటకు వస్తుంది. బోరు, కుళాయి నీటిలోని లవణాలు పలకలను పాడుచేస్తాయి. తగ్గేది నీరే కనుక అదనంగా ఆమ్లం పోయరాదు.

ఆమ్లం పడితే..

కళ్లద్దాలు, రబ్బరు తొడుగులు ధరించాలి. దగ్గరలో బకెట్లతో నీరు సిద్ధంగా ఉంచుకోవాలి. ఆమ్లం కంట్లో పడితే నలపకుండా, రెప్పలు తెరిచి కనీసం 15 నిమిషాల పాటు శుభ్రమైన నీటిధారతో కడగాలి. 108కు ఫోన్ చేసి ఆస్పత్రికి చేరాలి. పసర్లు, పాలు పోయరాదు. నేలపై ఒలికిన ఆమ్లంపై వంట సోడా చల్లితే దాని తీవ్రత తగ్గుతుంది.

ముందుచూపే మేలు

దిగిన బ్యాటరీని అలాగే వదిలేస్తే పలకలపై సల్ఫేట్ గట్టిపడి మళ్లీ ఛార్జింగు ఎక్కదు. ట్రాక్టరును నెలల తరబడి నిలిపేటప్పుడు నెగెటివ్ తీగ విప్పి ఉంచి, నెలకోసారి ఛార్జింగు పెట్టాలి. నిండిన బ్యాటరీ కొన్ని గంటలు కదపకుండా ఉంచాక 12.6 వోల్టుల మేర చూపాలి. వేసవిలో ఈ పాటి శ్రద్ధ చూపితే ఏరువాక నాటికి ఆత్రపడాల్సిన అవసరం ఉండదు.