ఆమడ దూరం నడిచిన మందిరము

పాత మందిరమును పడగొట్టి క్రొత్తది కట్టడం మీలో చాలామంది చూచే ఉంటారు. మందిరమే పునాది మీదనుండి లేచి, గోడ విడకుండా రోడ్డు మీద ప్రయాణం చేసి వేరొక ఊరికి చేరడం ఎక్కడైనా విన్నారా? 2007లో జర్మనీ దేశములో అది జరిగింది.

లైప్‌జిగ్ నగరమునకు దక్షిణాన హోయర్స్‌డోర్ఫ్ అనే పల్లె ఉండేది. జనాభా మూడు వందల పైచిలుకు. అక్కడి రాతి మందిరము ప్రస్తావన 1297లోనే కనబడుతుంది. అంటే మార్టిన్ లూథరుగారు పుట్టడానికి సుమారు రెండు వందల ఏండ్లు ముందు. పొడవు పద్నాలుగున్నర మీటర్లే. మన పల్లెల మందిరాలకంటె పెద్దదేమీ కాదు.

ఆ ఊరి క్రింద లిగ్నైటు బొగ్గు ఉంది. విద్యుత్తు కేంద్రమునకు ఆ బొగ్గు కావాలి. ఊరివారు ఏండ్ల తరబడి పోరాడారు. వారిని లేపివేసే చట్టమును 2000లో సాక్సొనీ రాష్ట్ర రాజ్యాంగ న్యాయస్థానము కొట్టివేసింది. ఎంత సంతోషించి ఉంటారో! 2004లో మరల చట్టము చేశారు. 2005లో అదే న్యాయస్థానము దానిని సమ్మతించింది. కుటుంబాలు చుట్టుపట్ల ఊళ్లకు చెదరిపోయాయి.

మందిరమును మాత్రం పన్నెండు కిలోమీటర్ల దూరములోని బోర్నా పట్టణమునకు తరలించాలని నిశ్చయించారు. గోడల సందులలో సున్నపు అడుసు నింపారు, కట్టడము చుట్టూ ఇనుముతో నడుము బిగించారు, జాకీలతో పైకెత్తి అనేక చక్రాల బండి మీద నిలిపారు. బరువు 600 టన్నులకు పైనే. దారిలో రెండు నదులు, రైలు పట్టాలు దాటాలి. మనిషి నడకకన్న నెమ్మదిగా సాగి, అక్టోబరు 31న, సంస్కరణ దినమున, బోర్నాలోని మార్టిన్ లూథర్ చౌకుకు చేరింది. 1522 మార్చి 5న లూథరుగారు విట్టెన్‌బర్గుకు తిరిగి వెళ్తూ తన ప్రభువైన ఫ్రెడరిక్‌కు ఉత్తరము వ్రాసింది ఈ బోర్నా నుండే.

ఆ మందిరము పేరు ఎమ్మాయు. లూకా సువార్త చదివినవారికి ఎమ్మాయు అనగానే నడక గుర్తుకు వస్తుంది. నిరాశతో నడిచే ఇద్దరు శిష్యులు, వారితో కలిసి నడిచిన మూడవవాడు. యెరూషలేమునుండి ఆ గ్రామమునకూ ఇంచుమించు ఇంతే దూరము.

ఖర్చు సుమారు 30 లక్షల యూరోలు. గని కంపెనీయే భరించింది. దీనిని గొప్ప ఉపకారమని మెచ్చుకొన్నవారున్నారు. ఊరు తీసుకొని గుడి ఇచ్చినంతమాత్రాన ఉపకారమనడానికి నా మనస్సు ఒప్పదు. అదే ఊరిలో తాబోరు అనే మరియొక మందిరము ఉండేది. అది ఏడెనిమిది వందల ఏండ్ల పురాతనము కాదు గనుక దానిని ఎవరూ బండి ఎక్కించలేదు, కూల్చివేశారు. అక్కడ బాప్తిస్మము పొందినవారికి అది తక్కువ మందిరమా?

2008 ఈస్టరు దినాలలో ఎమ్మాయు మందిరమును బోర్నాలో మరల ప్రతిష్ఠించారు. బోర్నా సంఘమునకు అదే చౌకులో అప్పటికే పెద్ద మందిరమున్నది. దాని ప్రక్కన ఈ చిన్న పల్లె మందిరము నిలిచింది. రాళ్లు చెదరకుండా వచ్చాయి. ఆ బల్లల మీద ప్రతి ఆదివారము కూర్చున్నవారు మాత్రం వేర్వేరు ఊళ్లలో ఉన్నారు. వారి పల్లె ఉన్న నేలను గని త్రవ్వుకొనిపోయింది.